నా కాలు పోయిన కథ

యూనియన్ సావనీరుకు యేదైనా వ్రాయమని ఈ యేటి మ్యాగజైన్ సెక్రటరీ మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు, "పూర్వ విద్యార్థులు వ్రాసేవి రెండే రకాలు నాయనా. మా రోజుల్లో అంతా బాగుండేదని ఒకటి, మీ రోజుల్లో అంతా పాడైపోయిందని ఒకటి. నాకా రెండూ చేతకావు" అన్నాను. అతను నవ్వాడే గాని కదలలేదు. గోడకు జేరవేసి ఉన్న నా జైపూర్ కాలు వంక ఓసారి చూసి, "పోనీ, దాని గురించి వ్రాయండి సార్" అన్నాడు. ముందు కాస్త చివుక్కుమన్నది. తరువాత ఆలోచిస్తే, ఆ కాలి గురించి ఈ కళాశాలకు నేను ఒక లెక్క అప్పజెప్పవలసి ఉన్నదని తోచింది. ఆ లెక్కే ఇది.

నేను 2011లో ఇక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాను. మాది భీమవరం దగ్గర చిన్న ఊరు. నాన్న ఎకరంన్నర కౌలు చేసేవాడు. చేలో పని లేని రోజుల్లో రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ అక్టోబరులో హాస్టళ్ళ మధ్య కబడ్డీ పోటీల్లో కింద పడ్డాను. కుడి మోకాలి పైన నొప్పి పట్టుకున్నది. పడ్డ కాలు నొప్పి పెట్టక ఏం చేస్తుంది? అందరూ అదే అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

కాని ఆ నొప్పికి ఒక చెడ్డ గుణం ఉండేది. పగలు నడుస్తుంటే సర్దుకునేది. రాత్రి రెండు గంటలకు లేపి కూర్చోబెట్టేది. రూమ్మేటు లేచి జండూబామ్ రాసేవాడు. పట్నంలో ఒక డాక్టరు చెయ్యి వేసి చూడకుండానే బెణుకు అన్నాడు, పది రోజులకు బిళ్ళలు ఇచ్చాడు. సంక్రాంతికి ఇంటికి వెడితే అమ్మ ఆముదం రాసి వావిలాకు కాపడం పెట్టింది. పక్క ఊళ్ళో ఎముకలు కట్టే ఆయన దగ్గరకు నాన్న సైకిలు మీద తీసుకుపోయాడు. ఆయన కోడిగుడ్డు సొనతో మూడు కట్లు కట్టాడు, ఒక్కొక్కటి రెండు వారాలు. మూడో కట్టు విప్పేసరికి మోకాలి పైన కొబ్బరికాయంత వాపు.

వీళ్ళెవ్వరినీ నేను నిందించను. అందరూ నా మేలు కోరినవాళ్ళే. అయితే మేలు కోరడం వేరు, ఎక్స్‌రే తీయించడం వేరు.

ఫిబ్రవరి ఆఖరున, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ ఒకే ప్రశ్న అడిగారు. "రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తోందా?" వస్తోందన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా చీటీ వ్రాసి ఇచ్చారు. భీమవరంలో ఎక్స్‌రే తీశారు. నూట యాభై రూపాయలు. నాలుగు నెలల పాటు నా ప్రాణానికి అడ్డుపడ్డ ఖర్చు అదీ, నూట యాభై రూపాయలు! ఫిల్ము వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, తొడ ఎముక చివర అంచు చెదిరిపోయి, దాని చుట్టూ ఉదయించే సూర్యుడి కిరణాల్లాగా గీతలు కనిపించాయి. వైద్య గ్రంథాల్లో ఈ రూపానికి సూర్యకిరణాల పేరే పెట్టారని తరువాత తెలిసింది. అంత అందమైన పేరు అంత పాడు రోగానికి ఎవరు పెట్టారో!

డాక్టరమ్మ నాన్నతో, "హైదరాబాదు వెళ్ళండి. దారిలో ఎవరు ముక్క తీసి పరీక్ష చేస్తామన్నా చేయించకండి. ఆపరేషన్ చేసే చోటే అదీ చేయాలి. కాలు పిసకనివ్వకండి, కట్టు కట్టించకండి" అన్నారు. ఆ మాటల విలువ నాకు ఆనాడు తెలియలేదు. ముక్క తీసిన సూది దారిని కూడా ఆపరేషన్‌లో తీసేయాలట. తెలియక ఎక్కడపడితే అక్కడ కోత పెడితే కాలు దక్కవలసిన చోట కూడా దక్కకుండా పోతుందట.

నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు చేరాం. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. పరీక్షలన్నీ అయి జబ్బుకు పేరు రావటానికి రెండు వారాలు పట్టింది. ఆస్టియోసార్కోమా, అనగా ఎముకలో పుట్టే క్యాన్సరు. ఎదిగే వయసులో, పదేళ్ళకూ పాతికేళ్ళకూ నడుమ, ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుంది. మన ఈడు వాళ్ళ జబ్బు అన్నమాట. ఊపిరితిత్తుల స్కానులో మచ్చ కనిపించలేదు. "అదృష్టవంతుడివి" అన్నారు పెద్ద డాక్టరు గారు. అదృష్టమనే మాట అట్లాంటి చోట వినడం అదే మొదటిసారి.

ఈ జబ్బు చరిత్ర ఒకటి చెప్పాలి. 1970కి ముందు దీనికి కాలు తీసేయడం తప్ప వైద్యం లేదు. తీసేసినా నూటికి ఇరవై మంది కూడా బతికేవారు కాదు. ఎందుకంటే ఎముకలో గడ్డ కనిపించేనాటికే కంటికి కనిపించని కణాలు ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంటాయి. మందులు వచ్చాక, జబ్బు ఇంకా పాకకముందే పట్టుకుంటే, అన్ని వసతులూ ఉన్న దేశాల్లో నూటికి అరవై డెబ్బై మంది బతుకుతున్నారు. మొదట కొన్ని వారాలు మందు, తరువాత ఆపరేషన్, మళ్ళీ కొన్ని నెలలు మందు. ఈ మూడూ వరసగా, గడువు తప్పకుండా జరగాలి. మధ్యలో మానేస్తే అంతవరకూ పడ్డ బాధంతా వృథా.

మొదటి మందు సీసా స్టాండుకు తగిలించినప్పుడు దాని మీది పేరు చదివి నాకు నవ్వొచ్చింది. సిస్‌ప్లాటిన్! సరిగ్గా అంతకు నాలుగు నెలల ముందు, ఇనార్గానిక్ క్లాసులో మా మాస్టారు బోర్డు మీద దాని బొమ్మ వేశారు. నడుమ ప్లాటినం పరమాణువు, ఒక పక్కన రెండు క్లోరిన్లు, రెండో పక్కన రెండు అమ్మోనియాలు. వీటిని ఎదురెదురుగా పెడితే ట్రాన్స్. అది రోగానికి పనిచేయదు. పక్కపక్కన పెడితే సిస్, అది పనిచేస్తుంది. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, విద్యుత్తు పారిస్తే బాక్టీరియా ఏమవుతుందా అని చూడబోయి, కణాలు విడిపోకుండా ఆపుతున్నది విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడుల నుంచి కరిగిన ప్లాటినం అని కనిపెట్టాడు. ఈ కథంతా నోట్సులో వ్రాసుకున్నాను. నోట్సులో ఉన్నది నరంలోకి వస్తుందని ఎవరనుకుంటారు? ఆ రాత్రి ఎన్నిసార్లు వాంతులయ్యాయో లెక్క లేదు. రెండో మందు ఎర్రటిది, అడ్రియామైసిన్. అది ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది; ముందే చెప్పకపోతే గుండె ఆగుతుంది.

ఒకనాడు రౌండ్సులో పెద్ద డాక్టరు గారు, "ఏ ఊరు బాబూ?" అని అడిగారు. భీమవరం దగ్గరండీ అన్నాను. ఆయన జూనియర్ల వైపు తిరిగి, "యల్లాప్రగడ సుబ్బారావు గారి ఊరువాడు!" అన్నారు. నేను తెల్లమొహం వేశాను. కెమిస్ట్రీ విద్యార్థిని, మా ఊరికి పది మైళ్ళ దూరంలో పుట్టిన మనిషి పేరు విని ఉండలేదు. సిగ్గుపడ్డాను.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ పరిశోధనాలయానికి నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం మీద ఆయన బృందం చేసిన పనిలోంచే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు పుట్టాయి. ఆయన 1948లో పోయారు. కీళ్ళవాతానికి వారానికి కొద్ది మిల్లీగ్రాములు ఇచ్చే ఆ మెథోట్రెక్సేట్‌నే, ఎముక క్యాన్సరుకు గ్రాముల లెక్కన ఇస్తారు. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 12 గ్రాములు. నా బోటి వాడికి ఒక్క విడతకు దాదాపు 19 గ్రాములు. అది ప్రాణం తీసే మోతాదు. నాలుగు గంటల్లో ఎక్కించి, మరునాటి నుంచి ఆరు గంటలకొకసారి విరుగుడు ఇస్తూ, రక్తంలో మందు ఎంత మిగిలిందో రోజూ కొలుస్తూ, అది తగ్గేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

"మరి నాకు ఇస్తారాండీ?" అని అడిగాను.

ఆయన మొహం చిన్నబోయింది. "ఇవ్వలేం బాబూ. మందు ఉంది, విరుగుడు ఉంది. ఆ కొలత రోజుకు రోజు మాకు అందదు. మంచాలు లేవు. ఇచ్చి నిన్ను పోగొట్టుకునే కంటే వేరే మందుతో నడిపిస్తాం" అన్నారు.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఆ మందు లేకుండానే, సిస్‌ప్లాటిన్, అడ్రియామైసిన్, ఐఫాస్ఫమైడ్ అనే మూడింటితో పద్ధతి రూపొందించి మంచి ఫలితాలు చూపారు. నాకూ ఆ మూడే ఇచ్చారు. కనుక ఆ మందు లేకపోవడం వల్ల నాకు అన్యాయం జరిగిందని అనను. కాని ఆ మాట నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. భీమవరం మనిషి చేసిన మందు భీమవరం కుర్రాడికి అందలేదు. మందు ఖరీదై కాదు. కాపలా ఖరీదు. పేదదేశంలో ఈ జబ్బు ఎందుకు చంపుతుందో నాకు అక్కడే అర్థమైంది. మందు సీసా ఓడ ఎక్కి, రైలెక్కి ఎక్కడికైనా వస్తుంది. మనిషిని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు అట్లా రాదు.

నా పక్క మంచం మీద పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. పాలమూరు వైపు పల్లె. "నీది గూడ మోకాలేనా అన్నా?" అనేది వాడు నాతో అన్న మొదటి మాట. వాడిది మోకాలి కింద ఎముక. గడ్డ నాదానికంటే చిన్నది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మందుకు నాకంటే బాగా లొంగుతోందని డాక్టర్లు సంతోషపడ్డారు. వాడు వాంతికీ వాంతికీ మధ్య కూడా క్రికెట్ స్కోరు అడిగేవాడు. మా ఇద్దరికీ మే నెలాఖరున ఒకే రోజు చెప్పారు, కాలు తీయాలని. కాలు తీయకుండా ఎముకను మాత్రం తీసి లోహపు కీలు అమర్చే ఆపరేషన్ ఉంది. కాని నాకు గడ్డ నరాలనూ రక్తనాళాలనూ చుట్టుకున్నది, వాడికి ఆ లోహపు కీలుకు డబ్బు లేదు.

వాళ్ళ నాన్న అడ్డా కూలి. బొంబాయిలో పని మానుకుని వచ్చి మూడు నెలలైంది. మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు మెడ మీద ఉన్నది, ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఆయన డాక్టరు కాళ్ళు పట్టుకుని, "కాలు తీస్తే పోరడు ఎట్ల బతుకుతడు సారూ? మందే ఇయ్యుండ్రి" అని ఏడ్చాడు. మందు ఒక్కటే చాలదని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. మూడో నాడు తెల్లవారేసరికి పక్క మంచం ఖాళీ. వాడు నాకోసం తలగడ కింద సగం బిస్కెట్ ప్యాకెట్టు పెట్టి పోయాడు.

మా నాన్న కూడా అదే మాట అన్నాడు. "కుంటి బతుకు ఎందుకురా, ఇంటికి పోదాం" అన్నాడు. నాకు ధైర్యం ఉండి ఆగానని మీరనుకోవద్దు. నేనూ సంచీ సర్దుకున్నాను. ఆ పిల్లవాడికీ నాకూ ఉన్న తేడా ఒక్కటే. నాకు ఒక హాస్టలు ఉంది.

రూమ్మేటుకు ఫోను చేసి వచ్చేస్తున్నానని చెప్పాను. మరునాడు పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి వాడూ, మెస్ సెక్రటరీ, వాళ్ళ వెనక సంచీ పట్టుకుని మా ఇనార్గానిక్ మాస్టారూ వార్డులోకి వచ్చారు. మాస్టారు నాన్నను టీ కొట్టుకు తీసుకుపోయారు. అక్కడ జరిగింది రూమ్మేటు నాకు తరువాత చెప్పాడు. మాస్టారు కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్ కథ చెప్పారట. 1977లో ఇదే జబ్బుకు కాలు తీసేస్తే, 1980లో కృత్రిమ కాలుతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు దేశానికి అడ్డంగా పరుగెత్తాడని. నాన్న అంతా విని, "ఇప్పుడేం చేస్తున్నాడండీ?" అన్నాడట. జబ్బు ఊపిరితిత్తులకు పాకి 1981లో పోయాడని మాస్టారు నిజమే చెప్పారు. నాన్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మాస్టారు కాసేపు ఊరుకుని, "పరుగెత్తాకనే పోయాడయ్యా. మీవాడిని నేను పరుగెత్తమనడం లేదు, పరీక్ష వ్రాయమంటున్నాను. కెమిస్ట్రీకి కాలు ఎందుకు, తల ఉంటే చాలదూ?" అన్నారట.

నాన్న వచ్చి కాగితం మీద వేలిముద్ర వేశాడు. జూన్ నెలలో నా కుడికాలు తొడ దగ్గర తీసేశారు.

తరువాత అయిదు నెలలు మళ్ళీ మందు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మాకుండేది. తెల్ల కార్డు మీద కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. అది లేకపోతే ఈ వ్యాసం లేదు. అయితే కార్డు మందును కొంటుంది, తోడును కొనదు. ఆసుపత్రి ఎదుట గదికి అద్దె, అన్నం, బయట చేయించే పరీక్షలు, నాన్న పోగొట్టుకున్న కూలి, ఇవి ఏ కార్డులోనూ లేవు. రోగికీ తోడు వెళ్ళే మనిషికీ రైలు ఛార్జీలో రాయితీ ఉందన్న సంగతి కూడా మూడు ప్రయాణాలయ్యాక ఎవరో చెబితే తెలిసింది.

ఆ ఖాళీని మా మెస్ నింపింది. డివైడింగ్ మెస్సులో ఆదివారం కోడికూర అంటే ఎంతటి పండుగో హాస్టలువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పదకొండు ఆదివారాలు కోడికూర మానేసి ఆ డబ్బు నాకు పంపారు. మొత్తం ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు. నోటీసు బోర్డు మీద, మెస్ బిల్లుల పక్కనే, నా మందు తేదీలు వేసి ఎవరి వంతు ఎప్పుడో వ్రాశారు. ప్రతి విడతకూ ఇద్దరు వచ్చేవారు, నాన్న మిల్లుకు పోయి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాడు. సెప్టెంబరులో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు హైదరాబాదులో చదువుతున్న మన పూర్వ విద్యార్థులు ఆరుగురు అర్ధరాత్రి వచ్చి ఇచ్చారు. జ్వరం వస్తే గంటలో ఆసుపత్రికి చేర్చాలని డాక్టరు చెప్పిన మాట విని, రూమ్మేటు ఒక రాత్రంతా థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాడు. సుబ్బారావు గారి మందుకు కావలసిన కాపలా మన దేశంలో నాకు దొరకలేదన్నాను. వేరే రకం కాపలా మాత్రం ఈ హాస్టలు నాకు పెట్టింది.

అక్టోబరులో ఆ పాలమూరు పిల్లవాడు మళ్ళీ వార్డుకు వచ్చాడు. రెండు మంచాల దూరంలో కూర్చుని ఆయాసపడుతున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. నన్ను చూసి, నా కాలు లేని చోటు చూసి, "నొప్పి పోయిందా అన్నా?" అన్నాడు. పోయిందిరా అన్నాను. వాళ్ళ నాన్న తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన్ని తప్పుపట్టే అర్హత ఎవరికుంది? ఆయనకు టీ కొట్టుకు తీసుకుపోయే మాస్టారు లేడు. నవంబరులో నా ఆఖరి విడతకు వెళ్ళేసరికి వాడు లేడు.

సంపన్న దేశాల్లో క్యాన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారనీ, పేదదేశాలు చాలావాటిలో ముప్పై మంది కూడా బతకడం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి కనీసం అరవై మంది బతకాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఎనభైకీ ముప్పైకీ నడుమ ఉన్నవాళ్ళు అంకెలుగా మీకు కనిపించవచ్చు. నాకు తలగడ కింద సగం బిస్కెట్ ప్యాకెట్టు కనిపిస్తుంది.

2013లో తిరిగి వచ్చి చదువు పూర్తి చేశాను. ఇనార్గానిక్ పేపరులో సిస్‌ప్లాటిన్ ప్రశ్న వచ్చింది. నాలుగు పేజీలు వ్రాశాను. "అనుభవం ఎక్కువైంది, సమీకరణాలు తక్కువైనాయి" అని మాస్టారు నవ్వారు. ఆ మందు నా చెవుల్లో సన్నని శబ్దాలను తినేసింది. రాత్రిపూట మా చేలో కీచురాళ్ళు నాకిప్పుడు వినపడవు. ఎర్రమందు గుండెను ఏమైనా చేసిందేమోనని పరీక్ష చేయించుకుంటూ ఉంటాను. జైపూర్ కాలు ఉచితంగా ఇచ్చారు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పీ, డాక్టర్ సేథీ కలిసి రూపొందించిన ఆ కాలితో గట్ల మీదా, బురదలోనూ నడవవచ్చు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను, నిలబడే.

ఇక లెక్క. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలూ తిరిగి ఇస్తానంటే నా మిత్రులు కొట్టడానికి వచ్చారు. అందుకని వేరే విధంగా తీర్చుకుంటున్నాను. సెలవుల్లో ఆ ఆసుపత్రికి వెళ్ళి, బయట చెట్టు కింద కూర్చున్న తండ్రుల పక్కన కూర్చుంటాను. టీ తాగిస్తాను. సంచీ సర్దుకున్న వాళ్ళెవరైనా ఉంటే, ప్యాంటు మడిచి కాలు విప్పి చూపిస్తాను. అందరూ వినరు. కొందరు విని ఉంటారు.

విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. మీ గదిలో ఎవరికైనా మోకాలి దగ్గర నొప్పి రాత్రిళ్ళు నిద్ర లేపుతుంటే, వారాల తరబడి వాపు తగ్గకపోతే, కట్టు వద్దు, పిసకవద్దు, ముందు ఎక్స్‌రే తీయించండి. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ ఉండదు, ఉండకపోతే మంచిదే. రెండవది, ఎవరికైనా ఉందని తేలితే, వాణ్ణి ఒంటరిగా రైలెక్కించకండి.

ఈ సావనీరు ఎప్పుడైనా వాళ్ళ కంటపడుతుందేమో తెలియదు. పదకొండు ఆదివారాలు ఉత్త పప్పుతో అన్నం తిన్న మిత్రులందరికీ, ఆ మెస్ బాకీదారుడి నమస్కారాలు.